చేయి తిరిగిన మాట

ఇంగ్లీషులో "మెనూవర్" అను మాటకును, పొలమునకు తోలెడి ఎరువును చెప్పు "మెన్యూర్" అను మాటకును నడుమ చుట్టరికమేమని అడిగినచో, సేనలను గూర్చియో రోదసీనౌకలను గూర్చియో చదువుచు ఆ మొదటి మాటను నేర్చిన పాఠకునికి ప్రశ్నయే విడ్డూరముగా తోచును. కాని ఆ రెండును ఒక తల్లి బిడ్డలు. లాటిను భాషలో "మానుస్" అనగా చేయి, "ఓపెరారి" అనగా పనిచేయుట. ఈ రెంటి కలయికచే "చేతితో పనిచేయుట" అను అర్థము గల మాట యొకటి పుట్టి, ఫ్రెంచి భాషలోనికి దిగి, అచటినుండి రెండు వేర్వేరు కాలములందు రెండు వేర్వేరు వేషములతో ఇంగ్లండు చేరినది. మొదటిమారు నార్మను ప్రభువుల పలుకుబడి వెంట వచ్చినప్పుడు దానికి పొలము దున్నుట, సాగుచేయుట అని అర్థము. సాగు చేయువాడు నేలకు పెట్టెడి పోషణకే క్రమముగా ఆ పేరు నిలిచి "మెన్యూర్" అయ్యెను. పదునెనిమిదవ శతాబ్దములో మరల వచ్చినప్పుడు అది మట్టి కడిగికొని, సైనికాధికారి దుస్తులు ధరించి వచ్చినది. సేనను గాని నౌకను గాని ఆలోచనతో, నేర్పుతో కదల్చి శత్రువుకన్న మేలైన తావు సంపాదించుట అను అర్థము దానికి అప్పుడు స్థిరపడినది. ఇంగ్లండువారు దీనిని మూడు అచ్చులు వరుసగా గుచ్చి వ్రాయుదురు; అమెరికావారు రెంటితో సరిపుచ్చుదురు. ఫ్రెంచివారు మాత్రము తమ మాట పుట్టుకను మరువలేదు: వారి భాషలో ఈ పదమే స్త్రీలింగమైనప్పుడు వ్యూహగమనమును, పుంలింగమైనప్పుడు రెక్కలకష్టము చేసికొని బ్రతుకు కూలివానిని నేటికిని తెలుపుచున్నది.

ఈ మాటను తెనిగింపబోయి నేను పలుమారులు కలము నిలిపినవాడను. పత్రికలవారు "విన్యాసము" అని వ్రాయుదురు. విశాఖపట్టణపు సాగరతీరమున నౌకాదళ దినమునకై ఓడలును విమానములును చేసి చూపు పనులకు ఆ మాట చక్కగా అమరును. ఏలయనగా విన్యాసమనగా అమర్చి ఉంచుట, తీర్చి దిద్దుట. చూచువాని కన్నులకు అది ఒక శోభ. కాని చూచువాడెవడును లేని చోట, చీకటిలో, ఒక ఉపగ్రహము తన యంత్రమును నాలుగు నిమిషములు మండించి దారి మార్చుకొన్నప్పుడు అందు శోభ యేమున్నది? "వ్యూహము" అందమా, అది కదలికకు ముందుండు ఆలోచన, కదలిక కాదు. "ఎత్తుగడ" అందమా, వెంటనే ఎదుటివానిని మోసగించు తలంపు దానిపై నీడవలె పడును. మన పల్లెలలో వినవచ్చు "ఒడుపు" అను మాట నాకు అన్నిటికన్న దగ్గరిదిగా తోచుచున్నది. బరువైన బస్తాను బలహీనుడు భుజమున కెత్తుకొన్నప్పుడు, చేప జారిపోకుండ పట్టుకొన్నప్పుడు, తాటిచెట్టు దిగునప్పుడు కావలసినది బలము కాదు, ఒడుపు.

అంతకన్న ఆశ్చర్యకరమైన సంగతి వేరొకటి కలదు. సంస్కృతములో చేతికి "కరము" అని పేరు. "చేయు" అను అర్థము గల "కృ" ధాతువునుండి అది వచ్చినది, అనగా చేసెడిదే చేయి. తెలుగులో చేయి, చేయు అను రెండు మాటలును ఎంత పక్కపక్కన నిలిచియున్నవో చెప్పనక్కరలేదు. ఇక నేర్పరిని మనము ఏమందుము? చేయి తిరిగినవాడందుము. కుంచె పట్టినను, గరిటె పట్టినను, కత్తి పట్టినను అదే మాట. లాటినువాడు చేతినుండి పనికి, పనినుండి గమనమునకు నడిచిన త్రోవలోనే మనవాడు చేయికి "తిరుగుట" అను గమనమును చేర్చి నేర్పును చెప్పినాడు. ఇరువురును ఒకరినొకరు ఎరుగరు. అయినను మనుష్యుని చేయి ఒక్కటే గనుక మాటలు ఆ విధముగా కలిసినవి కాబోలు.

సైన్యమునందు ఈ మాట కున్న బలమును తెలిసికొనుటకు 1805 అక్టోబరు మాసములో రెండు దినములు చాలును. ఇంగ్లీషు కాలువ గట్టున దిగియున్న నెపోలియను తన మహాసేనను తూర్పునకు త్రిప్పి, రైను నదిని దాటించి, ఉల్మ్ నగరమున వేచియున్న ఆస్ట్రియా సేనాని మాక్‌కు ఎదురుగా పోక, పెద్ద చుట్టు చుట్టి డాన్యూబు నదిని అతని వెనుక దాటించెను. అంతట మాక్‌కు వెనుదారి మూసికొనిపోయినది. చిన్నచిన్న పోరులు జరుగకపోలేదు గాని, మహాయుద్ధమన్నది జరుగకుండనే అక్టోబరు 20వ తేదీన 20,000కు పైబడిన సైనికులు ఆయుధములు క్రింద పెట్టిరి. నెపోలియను సైనికుల కాళ్లే గెలిచినవి. ఆ మరునాడే, స్పెయిను తీరమున ట్రఫాల్గరు దగ్గర, 33 ఓడల ఫ్రెంచి, స్పానిషు దళమును 27 ఓడలతో నెల్సను ఎదుర్కొనెను. వరుసకు వరుస ఎదురుగా నిలిచి ఫిరంగులు కాల్చుకొనుట ఆనాటి వాడుక; అతడు తన ఓడలను రెండు బారులుగా చేసి శత్రువుల వరుసపైకి అడ్డముగా నడిపి దానిని ఖండించెను. అట్లు సమీపించునంతసేపు తన ఓడలు ఎదురు కాల్చలేక దెబ్బలు తినవలసివచ్చునని ఎరిగియే ఆ పని చేసినాడు. ఆంగ్లేయుల ఓడ ఒక్కటియు పట్టుబడలేదు. నెల్సను మాత్రము తన ప్రాణము నిచ్చెను.

ఈ రెండు కథలలోను గమనింపదగినది ఒక్కటే. తిన్నగా పోవు మార్గము ఉన్నను లేకున్నను దానిని విడిచి, వంకర త్రోవ పట్టి, ఆ వంకరలో లాభమును గ్రహించుట. కదలిక అంతయు మెనూవరు కాదు. తిన్నని బాటపై ఎంత వేగముగా పరుగెత్తినను దానికి ఆ పేరు చెల్లదు. గాలి, నీరు, గురుత్వాకర్షణ, దేహనిర్మాణము, ఎదుటివాని బలము, ఏదో ఒక శాసనము దారికి అడ్డము నిలిచినప్పుడు, దానిని ధిక్కరింపక, దాని చెప్పుచేతలలో ఉండియే మన పని నెరవేర్చుకొనునట్టి నడకకు మాత్రమే ఈ మాట తగును.

ఓడ విషయమున ఇది కన్నులకు కట్టినట్లు కనబడును. బండిని కుడికి త్రిప్పినచో ముందు చక్రములు కుడికి పోవును, వెనుకవి వాని వెంట నడచును. ఓడ అట్లు కాదు. చుక్కాని దాని వెనుక నుండును గనుక, కుడికి త్రిప్పగానే మన పల్లెకారులు అమరమని పిలుచు వెనుకభాగము మొట్టమొదట ఎడమకు ఈడ్వబడును; అణియమనెడి ముందుకొన మెల్లగా కుడికి మరలును. ముందుకు సాగు ఓడ తన నడుమ చుట్టు కాక, ముందుకొననుండి ఇంచుమించు మూడవ వంతు దూరముననున్న బిందువు చుట్టు తిరుగును. పెద్ద నౌక గుండ్రముగా మరలినప్పుడు దాని వలయపు వ్యాసము ఓడ పొడవునకు ఐదు రెట్లకు మించరాదనియు, పూర్తి వేగములో నుండగా యంత్రమును వెనుకకు త్రిప్పి ఆపినచో సామాన్యముగా ఓడ పొడవునకు 15 రెట్ల దూరములోపల ఆగవలెననియు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ నియమము చేసినది. అనగా 300 మీటర్ల ఓడకు ఆగుటకు నాలుగున్నర కిలోమీటర్లవరకు నీరు కావలసివచ్చును. ఎదుట కనబడిన ఆపదకు అప్పుడు స్పందించువాడు ఓడ నడుపలేడు; పది నిమిషముల తరువాతి ఆపదను ఇప్పుడు చూచువాడే నడుపగలడు.

ఇట్టి ఓడనుండి రాత్రివేళ మనుష్యుడొకడు సముద్రములో పడినాడనుకొందము. వెనుకకు మరలినంత మాత్రమున అతడు దొరకడు; వలయము చుట్టి వచ్చిన ఓడ తాను వచ్చిన దారికి ఎంతో ప్రక్కన తేలును, చీకటిలో ఆ దారి ఏదో నీటిపై గుర్తుండదు. ఇందులకై నావికులు నేర్చుకొనునది "విలియమ్సన్ మలుపు". మనిషి కుడిప్రక్కన పడినచో చుక్కానిని పూర్తిగా కుడికే త్రిప్పుదురు; అమరము ఎడమకు తొలగును గనుక దానిక్రింద గిరగిర తిరుగు పంకా అతనికి దూరమగును. ఓడ ముఖము మొదటి దిశనుండి 60 డిగ్రీలు మరలగానే చుక్కానిని పూర్తిగా ఎడమకు త్రిప్పుదురు. ఓడ పెద్ద వంపు తిరిగి, తాను ఏ గీతపై వచ్చినదో ఇంచుమించు ఆ గీతపైనే ఎదురుముఖముగా నిలుచును. కుడికి పోవుటచే ఎడమకు పోవుట, ఎడమకు పోవుటచే వెనుకకు వచ్చుట! దీనిని మొదటిసారి పటముపై గీచి చూచికొన్న నాడు నాకు కలిగిన ఆనందము ఇంకను తగ్గలేదు.

ఆకాశమున బంధనము వేరు. విమానము మరలవలెనన్న ఒరగవలెను; ఒరిగినప్పుడు రెక్కలు పైకెత్తెడి బలములో కొంత ప్రక్కకు పోవును గనుక, ఎత్తు తగ్గకుండుటకు మొత్తము బలమును పెంచవలెను. ఎత్తు తగ్గకుండ 60 డిగ్రీలు ఒరిగి తిరుగు విమానములో ప్రతి వస్తువు బరువును రెండింతలగును. 60 కిలోల వైమానికుడు తన పీఠముపై 120 కిలోల మనుష్యునివలె అదుముకొనిపోవును. చిన్న విమానములకు "మెనూవరింగ్ వేగము" అని యొకటి నిర్ణయించి యుందురు. ఆ వేగమునకు లోపల నుండగా వైమానికుడు దండమును ఒక్కమారు బలముగా లాగినను, రెక్క విరుగకముందే గాలిపై పట్టు కోల్పోవును. పట్టు పోవుట ఇక్కడ రక్షణ. అంతకు మించిన వేగములో అదే లాగుట రెక్కకు ముప్పు.

కాని ఈ మాటకు పూర్ణవైభవము సిద్ధించినది భూమికి వెలుపల. అక్కడ పట్టుకొనుటకు గాలి లేదు, తన్నుకొనుటకు నీరు లేదు. ఉన్నది గురుత్వాకర్షణమును, తాను మోసికొని వచ్చిన పిడికెడు ఇంధనమును. 1965 జూన్ మాసములో జెమినీ-4 నౌకలో పోయిన అమెరికను వ్యోమగామి మెక్‌డివిట్ తమను మోసికొని వచ్చిన రాకెట్టు యొక్క ఖాళీ భాగము ఎదుట తేలుచుండగా దానిని చేరదలచి, విమానము నడిపిన అలవాటు చొప్పున, నేరుగా దానివైపు యంత్రమును మండించెను. ఎంత తరిమినను అది దూరమే యయ్యెను; ఇంధనము తరిగిపోగా ఆ ప్రయత్నము మానుకొనవలసివచ్చినది. కారణమేమనగా, కక్ష్యలో వేగము పెంచినచో నౌక పై కక్ష్యకు ఎక్కును. పై కక్ష్యలో చుట్టుటకు పట్టు కాలము ఎక్కువ. కనుక వేగపడినవాడు వెనుకబడును. ముందున్నదానిని అందుకొనవలెనన్నచో వేగము తగ్గించి క్రిందికి దిగవలెను. క్రింది కక్ష్యలో చుట్టు త్వరగా ముగియును. దాని క్రిందికి చేరిన పిమ్మట మరల పైకి లేవవలెను. ఈ మర్మమును లెక్కతో వశపరచుకొన్న తరువాత, ఆ సంవత్సరమే డిసెంబరు 15వ తేదీన జెమినీ-6, జెమినీ-7 నౌకలు ఒకదానికొకటి అడుగు దూరమువరకు వచ్చి ప్రక్కప్రక్కన తిరిగినవి.

మన శ్రీహరికోటనుండి 2013 నవంబరు 5వ తేదీన బయలుదేరిన మంగళయానము ఈ విద్యకు నాకు తెలిసిన మిక్కిలి అందమైన ఉదాహరణము. దానిని మోసిన పీఎస్ఎల్వీ రాకెట్టునకు 1,337 కిలోల ఆ నౌకను నేరుగా కుజుని దారిలోనికి విసరు శక్తి లేదు. భూమికి 248 కిలోమీటర్ల దగ్గరకు వచ్చి 23,550 కిలోమీటర్ల దూరమునకు పోవు కోడిగ్రుడ్డు ఆకారపు కక్ష్యలో దానిని వదలుట వరకే అది చేయగలిగినది. పిమ్మట నౌక భూమికి దగ్గరగా వచ్చి అతివేగముగా పోవు తరుణము చూచి, ఆ క్షణములలోనే దాని యంత్రమును మండించుచు వచ్చిరి. వేగము ఎక్కువగా ఉన్నప్పుడు కాల్చిన ఇంధనమే ఎక్కువ శక్తినిచ్చునను సంగతిని ఒబెర్త్ అను శాస్త్రజ్ఞుడు ఏనాడో చూపియుండెను. ఊయలలోని బిడ్డను తల్లి ఎల్లవేళల నెట్టదు. ఊయల తన దగ్గరకు వచ్చి మరలు క్షణమున చేయి తగిలించును. ప్రతి తాకుడుతోను ఆవలి కొస మరింత పైకి పోవును. నవంబరు 11వ తేదీనాటి నాలుగవ మండింపులో యంత్రము అనుకొన్నంత వేగము నీయలేదు. లక్ష కిలోమీటర్లకు చేరవలసిన కొస 78,000 చిల్లర దగ్గర ఆగిపోయినది. మరునాడే మరియొక మారు మండించి ఆ లోటు పూడ్చిరి. 16వ తేదీకి ఆ కొస 1,92,000 కిలోమీటర్లు దాటెను. డిసెంబరు 1వ తేదీ తెల్లవారకముందు ఇంచుమించు 22 నిమిషముల మండింపుతో నౌక భూమి పట్టు విడిపించుకొనెను.

కుజుని చేరిన నాటి పని ఇంకను కఠినము. సుమారు 300 దినములు నిద్రించిన యంత్రమును 2014 సెప్టెంబరు 22వ తేదీన నాలుగు సెకనులు మాత్రము మండించి ప్రాణమున్నదని చూచుకొనిరి. 24వ తేదీ ఉదయమున నౌక తన ముఖమును త్రిప్పి, పోవుచున్న దిక్కునకే మంటను చిమ్ముచు, సుమారు 23 నిమిషములలో సెకనుకు ఇంచుమించు 1,100 మీటర్ల వేగము తగ్గించుకొని కుజుని కక్ష్యలో నిలిచెను. ఆ సమయమున నౌక కుజుని చాటునకు పోయినది. దాని మాట భూమికి చేరుటకు 12 నిమిషములకు పైగా పట్టుచుండెను. ఏమి చేయవలెనో అంతయు దినముల ముందే దానికి చెప్పిపెట్టియుండిరి. చేయి అందని చోట, చేయి ముందే చేసి పంపిన పని అది. 2023 సెప్టెంబరులో చంద్రునిపై మన విక్రము నౌక తన యంత్రములను మండించి ఇంచుమించు 40 సెంటీమీటర్ల ఎత్తునకు లేచి, రమారమి అంతే దూరము ప్రక్కకు దిగిన చిన్న గంతు గూడ ఈ కోవలోనిదే.

లోకవ్యవహారములో ఈ మాట కొంత చెడిపోయిన సంగతిని దాచరాదు. రాజకీయములలో "మెనూవరింగ్" అనగా ఇంగ్లీషువాడు తెరచాటు పన్నాగమునే తలచును. ఒకనిని మించి మెనూవరు చేయుటను మనము ఎత్తుకు పైయెత్తు అందుము. ఇంగ్లీషులో మెనూవరుకు చోటు లేదు అనుచోట మనకు "వెసులుబాటు లేదు" అను చక్కని పలుకుబడి యున్నది. ఈ చెడు వాసన సహజమే యనిపించును; వంకర త్రోవలో నడచువాని మనసును వంకరయేమో యని లోకము శంకించును. కాని ఓడవాని వంకరను, వైద్యుని వంకరను ఆ జాబితాలో కలుపుట అన్యాయము.

వైద్యుని విషయమున ఈ మాట తన పుట్టింటికి వచ్చినట్లున్నది. మందు లేక, కత్తి లేక, చేతులతో దేహమును ఒక క్రమమున కదల్చి చేయు చికిత్సకు వైద్యులు మెనూవరని పేరు పెట్టిరి. గొంతులో ఆహారము అడ్డుపడి ఊపిరాడని పెద్దవానికి వెనుక నిలిచి, బొడ్డునకు పైన పిడికిలి ఆనించి లోనికి పైకి గుంజి, ఊపిరితిత్తులలో మిగిలిన గాలితోనే ఆ కబళమును వెలికి తన్నించు హైమ్లిక్ పద్ధతి 1974లో వెలువడినది. అంతకన్న నన్ను ఆకర్షించినది అమెరికాలోని పోర్ట్‌లండు నగరపు చెవి వైద్యుడు జాన్ ఎప్లీ కనుగొన్నది.

మన లోపలి చెవిలో మూడు అర్ధవలయాకారపు సన్నని కాలువలు ద్రవముతో నిండి, తల ఎటు తిరిగినదో మెదడునకు తెలుపుచుండును. వాని ప్రక్కనున్న సంచిలో సున్నపు జాతి సూక్ష్మ స్ఫటికములు జిగటపొరపై అంటుకొని యుండును. వయసువలననో తలకు తగిలిన దెబ్బవలననో వానిలో కొన్ని ఊడి కాలువలోనికి దొర్లినచో, పడుకొన్నప్పుడును ప్రక్కకు తిరిగినప్పుడును ఆ రేణువులు ద్రవమును కదల్చును. తల ఆగినను లోపలి నీరు ఆగదు. గది అంతయు గిరగిర తిరుగును. ఏండ్ల తరబడి ఎందరో దీనికి మాత్రలు మింగి, మంచము పట్టి, భయపడి బ్రతికిరి. ఎప్లీ ఆలోచన మిక్కిలి సరళము: గొట్టములో ఇసుకరేణువు చిక్కినచో గొట్టమునే త్రిప్పి దానిని దొర్లించవచ్చును గదా! తోటి వైద్యులు చాలకాలము నమ్మలేదు. 1992లో అతని వ్యాసము ప్రకటితమైన తరువాత మెల్లగా లోకమంతట వ్యాపించినది.

రోగిని బల్లపై కూర్చుండబెట్టి, తలను బాధ గల చెవివైపు 45 డిగ్రీలు త్రిప్పి, అట్లే వెల్లకిల పరుండబెట్టి, తల బల్ల అంచునకు కొంచెము క్రిందుగా వ్రేలునట్లు పట్టుకొందురు. అంతట సుడి మొదలగును. రోగి వైద్యుని ముంజేయి గట్టిగా పట్టుకొనును. కనుగ్రుడ్లు తమంత తామే అదరుచుండును. ఆ అదురు సద్దుమణుగువరకు అర నిమిషమో నిమిషమో ఓర్చి, తలను మెల్లగా రెండవ వైపునకు 90 డిగ్రీలు త్రిప్పుదురు. మరల ఓర్చి, దేహమునంతయు ఆ ప్రక్కకే దొర్లించి ముఖము నేలను చూచునట్లు చేయుదురు. పిమ్మట లేవదీసి కూర్చుండబెట్టుదురు. కంటికి కనబడని రేణువు కాలువ వంపు వెంబడి, తన బరువుతో తానే, ఒక్కొక్క మలుపు దిగి సంచిలోనికి జారిపోవును. మొత్తము పట్టునది కొద్ది నిమిషములు. వైద్యుడు రోగి తలను వదలి తన అరచేతులు తుడుచుకొనును. రోగి అనుమానముతో ఒకమారు పైకప్పును, ఒకమారు నేలను చూచును. రెండును తమ తమ చోట్ల కదలక నిలిచియుండును.